పాచిరంగు పెడల్స్

సైకిలు కొట్టు,
వానలు మొదలైన వారం

మామయ్యగారికి,

మీ కంటి ఆపరేషను బాగా జరిగిందని రాశారు, సంతోషం. రెండో కన్ను కూడా అయ్యేదాకా మీ అబ్బాయి మిమ్మల్ని కదలనివ్వడని అర్థమైంది. ఫోను చేద్దామనే అనుకుంటాను. కానీ ఫోనులో మీకు సగం మాటలు వినబడవు, వినబడని సగం మీరు ఆయన్ని అడుగుతారు. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నాను.

ఇక్కడ వాన వదలడం లేదు. మీ గది కిటికీ చెక్క ఉబ్బిపోయి మూసుకోవడం లేదు. కొట్లో వేసిన రంగు ఒక పట్టాన ఆరదు. ఆరిందనుకుని వేలు పెడితే నా వేలిముద్ర ఉండిపోతోంది.

ఒక ఆర్డరు వచ్చింది. అసలు దాని గురించి అడగడానికే ఈ ఉత్తరం. పక్క ఊళ్ళో సైకిళ్ళ షాపున్న కళ్ళజోడాయన మీకు గుర్తుండే ఉంటాడు, మాట్లాడుతున్నంతసేపూ అద్దాలు తుడుచుకుంటూనే ఉంటాడే, ఆయన తెచ్చాడు. ఎవరో ఆడమనిషికి పాతకాలపు మోడల్ సైకిలు కావాలట. ఫ్రేము నడుము దగ్గర వంపు తిరిగి ఉండాలి, చైనుకు పూర్తి కవరుండాలి, వెనక చక్రంలో బట్టలు చిక్కుకోకుండా వల కట్టాలి. అదంతా నాకు వచ్చిన పనే. రంగు కోసం చిన్న గుడ్డముక్క పంపారు. పాచిరంగు. మరీ పచ్చ కాదు, గోడకు పట్టి ఎండిపోయిన పాచి ఉంటుందే, బూడిదా పచ్చా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నట్టు, అదీ. కొన్నిసార్లు చెడగొట్టాక ఫ్రేముకు ఆ రంగు పట్టుబడింది.

చిక్కంతా పెడల్స్ దగ్గరొచ్చింది. పెడల్స్ కూడా అదే రంగులో కావాలట. బజార్లో దొరికేవన్నీ నల్లవి, కాదంటే పిల్లల సైకిళ్ళకు పెట్టే ఎర్ర ప్లాస్టిక్‌వి. నల్ల రబ్బరు మీదే రంగు కొట్టి చూశాను. ఆరాక అద్దంలా ఉంది. ఎక్కి నాలుగు వీధులు తిరిగొచ్చేసరికి చెప్పు కింద పొరలు పొరలుగా లేచిపోయి, మానుతున్న పుండులా తయారైంది.

"నల్లవే పెట్టి పంపెయ్యమ్మా, కాళ్ళ కిందవి ఎవరు చూస్తారు?" అన్నాడు కళ్ళజోడాయన. పంపెయ్యొచ్చు. కానీ నల్లవి బిగించి దూరంగా నిలబడి చూశాను మామయ్యా. అంత ఒద్దికైన సైకిలు మీద ఎవరో రెండు బురదకాళ్ళు పెట్టినట్టుంది. నాకు చేతులు రాలేదు.

మీరెప్పుడైనా రంగు పెడల్స్ చేశారా? చేసి ఉంటే ఎలాగో చెప్పండి.

మీ కోడలు
(కోర్టు కాగితం ప్రకారం ఇప్పుడు కాదు. ఇంకేమని రాయాలో తేలక ఇలాగే రాస్తున్నాను. అభ్యంతరమైతే చెప్పండి.)


వెనక గది నుంచి

అమ్మాయ్,

కోర్టు వాళ్ళు వాడికీ నీకూ తెంపారు. నాకూ నీకూ మధ్య తెంపడానికి వాళ్ళెవరు? నన్ను పిలిచి అడిగారా? ఇంకోసారి ఆ బ్రాకెట్ల మాటలు రాశావంటే నేను ఊరుకోను.

రబ్బరు మీద రంగు కొట్టావా! ఇన్నేళ్ళు నా దగ్గర నేర్చుకున్నది ఇదా? రబ్బరు వంగుతుంది, రంగు వంగదు. వంగేదాని మీద వంగనిది ఎన్నాళ్ళుంటుంది? రంగు పైన కాదు, లోపల ఉండాలి.

రైలుగేటు అవతల రేకుల షెడ్డులో రబ్బరు వాషర్లు పోసే బూచాడు ఉన్నాడు కదా, మొహమంతా మసి పూసుకుని వీధిలో పిల్లల్ని జడిపించేవాడు, వాడి దగ్గరికి వెళ్ళు. రబ్బరు పుట్టుకతో నల్లనిది కాదు. గట్టిదనం కోసం మసి కలుపుతారు, అందుకని నల్లగా ఉంటుంది. మసి కలపని తెల్లముద్ద తీసుకుని అందులో రంగుపొడి పిసికి అచ్చులో పెట్టమను. ఒక్కో పెడల్‌కు రెండు రబ్బరు దిమ్మలు. పాత పెడల్ విప్పి ఆ దిమ్మనే నమూనాగా ఇచ్చి అచ్చు చేయించు. ఇరుసు, దాని చుట్టూ తిరిగే ఉక్కు గుళ్ళు మాత్రం మన అటక మీద ఉన్న పాత పెడల్స్‌వి వాడు. ఆ ఉక్కు ఇప్పుడు రాదు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. రబ్బరు అచ్చులో ఉడికేటప్పుడు అందులో వేసిన గంధకం రంగుని పసుపు వైపు లాగేస్తుంది. నీకు కావలసిన రంగు కన్నా కాస్త నీలంగా మొదలుపెడితే, ఉడికాక నీ దారికి వస్తుంది. ఎంత నీలం అంటే నేను చెప్పలేను. చెడగొట్టుకుంటూ పోవడమే.

ఇక నా సంగతి. ఆపరేషను అయిన కంటితో చూస్తే లోకాన్ని ఎవరో సబ్బు పెట్టి కడిగినట్టుంది. ఇంకా ఆపరేషను కాని కంటితో చూస్తే అంతా టీ వడగట్టే గుడ్డలోంచి చూసినట్టే. ఇన్నేళ్ళు నువ్వు కలిపిన రంగుల్ని పసుపెక్కువైందని తిట్టానే, ఆ పసుపు నా కంట్లోదేనేమో అని ఇప్పుడు అనుమానంగా ఉంది. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, నీ బద్ధకం మీద తిట్టినవి తప్ప. ఆ గుడ్డముక్కలోంచి ఓ పిసరు కత్తిరించి ఉత్తరంలో పెట్టి పంపు. కొత్త కంటితో చూసి చెబుతాను.

ఇంట్లో అందరూ క్షేమం. నా గది కిటికీకి వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించు. నేను వచ్చేసరికి మూసుకోవాలి.

మీ మామయ్య


సైకిలు కొట్టు,
ఎండ కాసిన రోజు

మామయ్యగారికి,

బూచాడి దగ్గరికి వెళ్ళాను. జుట్టంతా నెరిసిపోయింది, మసి మాత్రం అలాగే ఉంది. "పెద్దాయన లేకపోతే ఇటువైపు కన్నెత్తి చూడవా అమ్మా?" అని నిష్ఠూరమాడాడు. తెల్లముద్ద అనగానే, "నా చేతులకు తెలుపు అచ్చిరాదమ్మా" అని నవ్వాడు. అయినా రబ్బరు పిసికే రోలర్లు రెండుసార్లు కడిగి మరీ చేశాడు.

మొదటి విడత జబ్బుచేసిన ఆకులా వచ్చింది. మీరన్న పసుపే. రెండో విడతలో నీలం ఎక్కువ వేశాం, అది కమిలిన దెబ్బలా వచ్చింది. మూడోది కొట్లో ట్యూబులైటు కింద పెట్టి చూస్తే ఫ్రేముతో అచ్చుగుద్దినట్టు కలిసిపోయింది. గంతులేసినంత పనిచేశాను. వీధిలోకి తెచ్చి ఎండలో పెట్టేసరికి ఫ్రేము ఒక దారి, దిమ్మ ఒక దారి. లైటు కింద అక్కాచెల్లెళ్ళు, ఎండలో ముక్కూమొహం తెలియనివాళ్ళు. ఇప్పుడు కొట్టు గుమ్మం దగ్గర, సగం ఎండా సగం నీడా పడే చోట ఒక స్టూలు వేసి, అక్కడే చూసి రంగు కలుపుతున్నాను.

మీకో సంగతి చెప్పాలి, నవ్వకండి. ఈ సైకిలు ఎక్కబోయే మనిషితో నాకు స్నేహం కుదిరింది. పేరు తెలియదు, ఊరు తెలియదు. కొలతలు మాత్రం ఉన్నాయి. పొట్టి మనిషి, చేతులు కాస్త పొడుగు. హ్యాండిలు దగ్గరగా, ఎత్తుగా అడిగింది, అంటే వంగి తొక్కే రకం కాదు, దారిలో చుట్టూ చూసుకుంటూ వెళ్ళే రకం. ఇన్ని మెరిసే రంగులుండగా గోడమీది పాచిని కోరుకుంది. ఎవరికీ కనబడని పెడల్ కూడా ఆ రంగులోనే ఉండాలంది. ఇలాంటి మనిషి ఎక్కడో ఉందని తెలియడమే నాకు బాగుంది. మీ అబ్బాయి నన్ను వదిలి వెళ్ళినప్పటి నుంచీ చేతులు పని చేస్తున్నాయి తప్ప నేను చేయలేదు. ఇప్పుడు పొద్దున్నే లేవగానే, ఈవేళ నీలం ఎంత తగ్గించాలా అని ఆలోచన వస్తోంది. ఒక్కోసారి ఆవిడతో పైకే మాట్లాడేస్తున్నాను. "ఇదిగో, ఇది మీకు నచ్చదని తెలుసు" అంటూ.

గుడ్డముక్క పెడుతున్నాను. రెండు కళ్ళతోనూ చూసి చెప్పండి.

మీ కోడలు


వెనక గది నుంచి

అమ్మాయ్,

గుడ్డ అందింది. చూశాను.

ఆ పని వదిలెయ్యి. రబ్బరులో ఆ రంగు రాదు. వచ్చినా నిలవదు. కళ్ళజోడాయనకు ఫ్రేము ఇచ్చేసి, పెడల్స్ వేరే ఎక్కడైనా చూసుకోమను. లేదా మొత్తం ఆర్డరే వద్దని చెప్పు. ఇలాంటివి బోలెడు వస్తాయి.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ మామయ్య


సైకిలు కొట్టు

మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. వెనక ఇంకో కాగితం అంటుకుని ఉందేమోనని కవరు చింపి చూశాను. ఏమీ లేదు.

రబ్బరులో ఆ రంగు రాదన్నారు. వచ్చింది. దిమ్మలు నాలుగూ నా ముందు బల్ల మీదున్నాయి. ఎండలో, నీడలో, దీపం కింద, ఎక్కడ పెట్టినా ఫ్రేముతో కలిసే ఉంటున్నాయి. బూచాడు దిమ్మను అరచేతిలో పెట్టుకుని, "ఇన్నేళ్ళకు నా చేత నల్లగా లేనిది ఒకటి చేయించావు" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది మీకు రాద్దామని ఎంత ఆత్రపడ్డానో!

మీ ఉత్తరం అప్పుడే వచ్చింది.

నా చేత కాదని మీకనిపిస్తే ఆ మాటే రాయండి, పడతాను. మీ దగ్గర తిట్లు తినడం నాకు కొత్త కాదు. కానీ ఎలా చేయాలో మీరే చెప్పి, తీరా చేతికొచ్చేవేళకు వదిలెయ్యమంటారు, ఎందుకో చెప్పరు. ఇలా కారణం చెప్పకుండా చేతిలో పని మధ్యలో వదిలేయడం మీ ఇంట్లో నాకు అలవాటైన పద్ధతే. ఆయనా ఒకరోజు "ఇంక ఇక్కడ ఉండలేను" అన్నాడు, ఎందుకని అడిగితే షర్టు గుండీలు పెట్టుకుంటూ ఉండిపోయాడు. మీ నుంచి కూడా అదే వస్తుందనుకోలేదు.

ఇంకో వారం పది రోజుల్లో బిగించి ఇచ్చేస్తాను. మీకు తెలియజేయడం మర్యాద కాబట్టి రాశాను.

ఇట్లు,
కొట్టు నడుపుతున్న మనిషి


వెనక గది నుంచి

అమ్మాయ్, తల్లీ,

తప్పించుకోలేనని తెలిసింది. చెప్పేస్తాను. కూర్చుని చదువు.

నువ్వు పంపిన గుడ్డముక్కను కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని ఒక్కో కన్ను మూసి చూస్తున్నాను. అంతలో నా కంట్లో చుక్కలు వేయడానికి ఆ అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి అంటే నీకు తెలుసు, వాడి భార్య. నా చేతిలోది చూసి, "ఇది నా పాత కోటు లైనింగు కదా మామయ్యగారూ, మీ దగ్గరికెలా వచ్చింది?" అంది.

"నీదా?" అన్నాను.

"కోటు చిరిగిపోతే పారేశాను, ఈ రంగంటే ఇష్టమని లైనింగు దాచుకున్నా. సైకిలు చేయిస్తానంటే ఆయనకి ఓ ముక్క ఇచ్చాను" అంది. "పెడల్స్ కూడా ఇదే రంగులో కావాలన్నాను. నల్లవైతే కింద మురికి పట్టినట్టు ఉంటుంది కదా."

నువ్వు బురదకాళ్ళన్నావు, ఆమె మురికంది.

నా మొహం చూసే ఆమెకు సగం అర్థమైపోయింది. చుక్కల సీసా పట్టుకుని మంచం అంచున కూర్చుంది. "ఎవరు చేస్తున్నారు?" అని అడిగింది. అబద్ధం ఆడడానికి నోరు తెరిచాను, రాలేదు. నువ్వు చేస్తున్నావని చెప్పాను. "ఆవిడకి తెలుసా, ఎవరికో?" అంది. తెలియదన్నాను. చేతిలోని సీసా పక్కన పెట్టింది. తర్వాత, "చెప్పేయండి మామయ్యగారూ. ఎవరికోసమో తెలియకుండా ఆవిడ చేత ఆ పని చేయించుకోవడం నాకొద్దు" అంది. చెబుతానన్నాను. ఆ మధ్యాహ్నమే నీకు రాయడానికి కూర్చున్నాను. చెప్పలేకపోయాను. వదిలెయ్యమని మాత్రం రాశాను. ఆమె అడిగితే చెప్పేశానన్నాను. అలా ఇద్దరి దగ్గరా అబద్ధాలకోరునయ్యాను.

వాడు ఆఫీసు నుంచి వచ్చాక అడిగాను. "ఆ సైకిలు ఎవరు చేస్తున్నారో నీకు తెలుసా?"

"తెలిసే ఇచ్చాను నాన్నా. అలాంటి పని ఇంకెవరికొచ్చు?"

"అడ్డదారిన ఎందుకిచ్చావు?"

"నా పేరు చెబితే చేయదుగా. షాపాయన పేరు మీదైతే ఏ గొడవా లేదు. అక్కడ పనికి పనీ దొరికింది, ఇక్కడ ఈమె సరదా తీరుతుంది. ఎవరికి నష్టం?"

వాడు ఏదో దాచిపెట్టిన దొంగలా మాట్లాడి ఉంటే చెంప పగలగొట్టేవాడిని. వాడి మొహంలో ఆ దొంగతనం కూడా లేదమ్మా. మంచి సైకిలు కావాలి, మంచి సైకిలు నువ్వు చేస్తావు, అంతే వాడికి తెలిసింది. భోజనం చల్లారిపోతోందని లేచి వెళ్ళాడు. అది చూసే నాకు భయం వేసింది. ఆ అమ్మాయి తలుపు పక్కన నిలబడి అంతా వింది. ఆ పూట వాడికి వడ్డించి తను తినలేదు.

ఇంకో సంగతి కూడా నీకు ఇన్నాళ్ళూ రాయలేదు. ఆ అమ్మాయి మంచిది. నా కంట్లో చుక్కలు ఆమే వేస్తుంది. వేసేముందు సీసాను అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటుంది, చల్లగా తగలకూడదని. నీ ఉత్తరాలు వస్తే వాడికి కనబడకుండా తెచ్చి నా దిండు కింద పెట్టేది ఆమే. ఇంట్లో అందరూ క్షేమం అని రాసి ఊరుకున్నాను. మంచిదని రాస్తే నీకు ఇంకా కష్టంగా ఉంటుందనుకున్నాను.

నాకిక్కడ ఇక ఉండబుద్ధి కావడం లేదు. రెండో కన్ను లేకపోతే లేదు. వచ్చేస్తాను. కొట్లో నా బల్ల, పైన నా గది, నాకు అవి చాలు. ఏ బస్సుకు రమ్మంటావో రాయి.

మీ మామయ్య


సైకిలు కొట్టు,
చలికాలం

మామయ్యా,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఎవరికి రాస్తున్నానో తెలియక లేచిపోయాను.

మీ ఉత్తరం చదివి కొట్టు షట్టరు దించేశాను. సైకిలు కొక్కేలకు వేలాడుతోంది. రంగు గీకే బ్లేడు తీసుకున్నాను. మొత్తం గీకేసి, ఉత్త ఇనుము చేసి పంపిద్దామనుకున్నాను. ఫ్రేము కింది గొట్టం మీద బ్లేడు ఆనించి లాగాను కూడా. గీత పడింది. తెల్లగా, వేలెడు పొడుగు. గీత పడగానే నా చెయ్యి దానంతటది రంగు డబ్బా కోసం వెళ్ళింది మామయ్యా. ఒక చేత్తో చెడగొట్టి, రెండో చేత్తో అతకడం మొదలుపెట్టాను. ఏడుస్తూనే అరగదీశాను, ప్రైమరు వేశాను, రంగు వేశాను. అప్పుడు తెలిసింది, నాకు పగ తీర్చుకోవడం కూడా రాదని. వచ్చింది ఈ పనొక్కటే.

ఇంకా బాధ ఏంటో చెప్పనా? ఆయన చేసిన మోసం కాదు. అది ఆయనకు ఊపిరి తీసినంత తేలిక, నాకు తెలుసు. పెడల్ రంగు గురించి పట్టుపట్టిన ఆ పొట్టి మనిషి పోయింది. ఇన్ని నెలలు నాకు తోడున్న మనిషి. ఎక్కడో నాలాంటిది ఒకతి ఉందనుకుని మురిసిపోయాను. ఉంది. నిజంగానే నాలాంటిదే. నా చోట్లోనే ఉంది.

ఆవిడ మంచిదని మీరు ముందే రాసి ఉండాల్సింది. ఇన్నాళ్ళూ చెడ్డదనుకుని బతికేశాను. అలా అనుకుంటే కాస్త సులువుగా ఉండేది. ఇప్పుడు అదీ లేకుండా పోయింది.

సైకిలు కళ్ళజోడాయనకు ఇచ్చేశాను, పెడల్స్ బిగించే. ఆయనకు ఇస్తానన్నాను, ఆయన తప్పేమీ లేదు. పైగా సగం చేసింది ఇక్కడే వేలాడుతుంటే రోజూ చూడాల్సింది నేనే కదా. ఆయన అద్దాలు తుడుచుకోవడం ఆపేసి చూశాడు. "కాళ్ళ కింద పెట్టేదా ఇది!" అన్నాడు.

ఇక మీరు వస్తానన్న మాట.

రావద్దు మామయ్యా.

మీ గది ఖాళీగా లేదు. పోయిన ఎండాకాలమే ఒక టైలరమ్మకు అద్దెకిచ్చేశాను. కిటికీ మూసుకోవడం లేదని చెప్పింది ఆవిడే. మీ ఉత్తరాల్లో "నా గది" అని చదివినప్పుడల్లా చెబుదామనుకున్నాను, చెప్పలేకపోయాను. కంటి ఆపరేషనుకని మీరు కారెక్కినప్పుడు నెలలో వచ్చేస్తానన్నారు. గుమ్మంలో నిలబడి సరేనన్నాను. కారు మలుపు తిరగకముందే నాకు తెలిసిపోయింది, మీరు రారని.

టైలరమ్మను ఖాళీ చేయించడం పెద్ద పనేమీ కాదు. అది కారణం కాదు. మీరూ ఆయనా పనిచేస్తూ స్పానరు కావాలంటే ఒకేలా అడుగుతారు, తల తిప్పకుండా, చెయ్యి వెనక్కి చాపి. మీకు తెలియదు. పక్కన నిలబడి అందించినదాన్ని నాకు తెలుసు. మీరు ఆ బల్ల దగ్గర కూర్చుని చెయ్యి చాపినప్పుడల్లా నేను ఎవరికి అందిస్తున్నట్టు? మీరు వెళ్ళినందుకు ఎంత ఏడ్చానో, ఆ చెయ్యి కనబడనందుకు అంత ఊపిరి పీల్చుకున్నాను.

రెండో కన్ను చేయించుకోండి. చుక్కలు వేసే మనిషి ఉన్నచోటే ఉండండి. ఇంకొక్కటి, ఆవిడని "ఆ అమ్మాయి" అని రాయకండి. నాకోసం మాట మింగినట్టు కనబడుతోంది. కోడలనే రాయండి. ఒకే పిలుపుని ఇద్దరం ఎన్నాళ్ళు పంచుకుంటాం!

చలి ఎక్కువగా ఉంది. చెవులకు మఫ్లరు కట్టుకోండి.


వెనక గది నుంచి

అమ్మాయ్,

రావద్దన్నావు. రాను. సంచి సర్దిపెట్టుకున్నాను, విప్పేశాను. విప్పింది నేనే, ఎవరి సాయమూ తీసుకోలేదు. కింద సంతకం చోట నువ్వు ఏమీ రాయకపోవడం కూడా చూశాను. దాని గురించి నీతో పోట్లాడే హక్కు నాకుందో లేదో తెలియక ఊరుకుంటున్నాను.

సైకిలు వచ్చింది. నీ పని గురించి నేనేం చెప్పను? కింది గొట్టం మీద గీత ఎక్కడ పడిందా అని వేలితో తడిమి తడిమి చూశాను, దొరకలేదు.

అట్టలు విప్పి వాడు హాల్లో నిలబెట్టి, "చూశావా!" అన్నాడు. కోడలు చూసింది. దగ్గరికి రాలేదు. "ఎక్కు" అన్నాడు. "నేను ఎక్కను" అంది. వాడు నవ్వాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత గొంతు పెంచాడు. ఇంత మంచి వస్తువును కాదనడానికి ఏం మాయరోగమన్నాడు. ఆమె గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. "నన్నడగాల్సింది. ఆవిడనీ అడగాల్సింది" అని మాత్రం అంది. వాడికి నిజంగా అర్థం కాలేదమ్మా. నా కొడుకు కాబట్టి చెబుతున్నాను, జన్మలో అర్థం కాదు.

వారం తర్వాత, ఇంట్లో ఊరికే పడి ఉండడమెందుకని వాడు ఎవరికో అమ్మేయబోయాడు. కొనేవాడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కోడలు హ్యాండిలు పట్టుకుని, హాలు దాటించి, వరండా మీదుగా నడిపించుకుంటూ తెచ్చి నా గదిలో పెట్టింది. "నేను ఎక్కలేను. అమ్మనివ్వను. మీ దగ్గరుంచండి" అంది. అప్పటినుంచీ నా మంచానికీ గోడకూ మధ్య ఉంది. గది చిన్నది, తిరగాలంటే పక్కకు ఒదిగి తిరగాలి. ఆ ఇద్దరి మధ్యా మాటలు అవసరానికి మించి లేవు. వాడు ఆలస్యంగా వస్తున్నాడు. ఇదంతా నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. దాచిపెట్టి ఏం బావుకున్నామని, రాసేశాను.

రెండో కంటి ఆపరేషను అయింది. నిన్న చుక్కలు వేసి, సీసాకు మూత పెట్టాక కూడా కోడలు వెళ్ళలేదు. సైకిలు పక్కన కింద కూర్చుని ఒక పెడల్‌ను వేలితో తిప్పింది. చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది.

"ఆవిడకి రాస్తున్నారా?" అంది.

"రాస్తాను. నీ తరఫున ఏమైనా రాయనా?" అన్నాను.

పెడల్ ఆగిపోయేదాకా ఆలోచించింది.

"వద్దులెండి మామయ్యగారూ. నేనేం చెప్పినా, మళ్ళీ ఆవిడే నన్ను ఓదార్చాల్సి వస్తుంది" అంది.

అందుకని ఆమె తరఫున ఏమీ రాయడం లేదు.

మీ మామయ్య